సగం కెమిస్ట్రీ

"మీ ఫోను మాకు ఎంతో ముఖ్యం. దయచేసి లైన్లోనే ఉండండి."

అంత ముఖ్యమైతే ఎత్తరేం? శుక్రవారం పొద్దుట్నుంచీ లూసిండా మెండోన్సా ఆ రికార్డు మాట వింటూనే ఉంది. ఫోను స్పీకర్లో పెట్టి వంటింటి బల్ల మీద పడేసి, తల్లితో కలిసి రొట్టెలు కోస్తోంది. ఆదివారం పవిత్రాత్మ పండుగ. ఊళ్ళోని పోర్చుగీసు వాళ్ళ హాల్లో నాలుగు వందల మందికి సోపాస్ వడ్డించాలి. గొడ్డుమాంసం పులుసు పోయడానికి గిన్నెల అడుగున పుదీనా ఆకులూ ఎండిన రొట్టె ముక్కలూ ఉండాలి గనక హాలు వాళ్ళు ఇంటికి ఇరవై రొట్టెల చొప్పున పంచారు. తల్లి జుల్మీరా కోస్తూ కోస్తూ ఒక మెత్తటి ముక్క నోట్లో వేసుకుని ఎడమ దవడకి తోసుకుంది. కుడి దవడన నమలడానికి ఆవిడకి పళ్ళు లేవు.

"ఎవరికే ఇందాకట్నుంచీ ఫోను?"

"యూనివర్సిటీకమ్మా."

"సీటిచ్చేశారుగా! ఇంకా వాళ్ళతో ఏం పని?"

రొట్టె మీద లూసిండా కత్తి గట్టిగా పడింది. ఇంతలో ఫోన్లో మనిషి గొంతు వినిపించింది.

"అడ్మిషన్స్ ఆఫీసు. చెప్పండి."

"నాకు సెప్టెంబరుకి సీటొచ్చిందండీ. మా ఊరి కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి సగం చదివాను. మీ దగ్గర అది లెక్కలోకి వస్తుందా రాదా? గురువారంలోగా సీటు కావాలో వద్దో మీకు చెప్పాలి."

"అది మా చేతుల్లో లేదమ్మా. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటుని అడగండి."

"వాళ్ళని నిన్ననే అడిగాను. మిమ్మల్ని అడగమన్నారు."

"అయితే మీ కాలేజీ సలహాదారుని అడగండి."

"ఆయన మీ వెబ్‌సైట్ చూసుకోమన్నారు."

"చూశారా మరి?"

"చూశాను. మిమ్మల్ని అడగమని ఉంది."

అవతలి మనిషి నవ్వలేదు. శుభదినం అని ఫోను పెట్టేసింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, సరిగ్గా అలా ఉంది ఆ పిల్ల పరిస్థితి.

లూసిండాకి ఇరవై ఏళ్ళు. పోర్చుగల్ వాళ్ళ అజోర్స్ దీవుల నుంచి పాలు పితకడానికి వచ్చిన తాతకి మనవరాలు, కాలిఫోర్నియా మధ్య లోయలో పాలు పితికించే మేస్త్రీ జిల్బెర్తోకి కూతురు. ఆ పిల్ల దంతవైద్యురాలు కావాలనుకున్నది సినిమాలు చూసి కాదు. ఆ ఊళ్ళో ఇరవై వేల మంది మనుషులున్నారు, లక్ష ఆవులున్నాయి. ఆవులకి వైద్యులు తొమ్మిది మంది. బీదవాళ్ళ సర్కారు కార్డు తీసుకునే పళ్ళ డాక్టరు ఒక్కడూ లేడు. గంట దూరంలో ఒక ఆస్పత్రి ఉంది, అక్కడ నాలుగు నెలలు ఆగితేగానీ వంతు రాదు. అంతకాలం పంటి నొప్పి ఎవరు ఓర్చుకుంటారు? పీకించుకుని ఇంటికి వస్తారు. జుల్మీరాకి నలభై ఆరేళ్ళు, ఏడు పళ్ళు అలాగే పోయాయి. ఫోటో తీస్తామంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పదేళ్ళ వయసులో లూసిండా ఆ చెయ్యి తీసెయ్యమని మారాం చేసింది. పన్నెండేళ్ళకి ఎందుకు తియ్యదో తెలిసింది.

డబ్బున్న పిల్లలు నాలుగేళ్ళూ ఒకే యూనివర్సిటీలో చదువుతారు. లేనివాళ్ళు రెండేళ్ళు ఊరి కాలేజీలో చదివి, తర్వాత పెద్ద యూనివర్సిటీకి మారతారు. వినడానికి ఎంత బాగుంది! ఎక్కడ ఆపాలో, ఎప్పుడు మారాలో, ఏ పాఠం ఇక్కడ ముగించాలో, ఏ పాఠం అక్కడ మొదలెట్టాలో చెప్పే మనిషి మాత్రం ఉండడు. రెండేళ్ళలో లూసిండాకి నలుగురు సలహాదారులు మారారు. ఒక్కొక్కరి దగ్గర ఇరవై నిమిషాలు. "కష్టమైనవి ఇక్కడే చదివెయ్, తేలిగ్గా ఉంటుంది" అన్నాడు మొదటాయన. "కష్టమైనవి అక్కడికి వెళ్ళి చదువు, డెంటల్ కాలేజీల వాళ్ళకి అదే ఇష్టం" అంది రెండో ఆవిడ. మూడో ఆయన అసలు డెంటల్ అని విననే లేదు, నర్సింగ్ కాగితాలు చేతిలో పెట్టాడు. నాలుగో ఆయన వెబ్‌సైట్ చూసుకోమన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అందులోనూ వినేది పాలమేస్త్రీ కూతురైతే ఇక చెప్పాలా?

అసలు చిక్కు బయటపడింది ఆ మధ్యాహ్నం ల్యాబులో.

కెమిస్ట్రీ చెప్పే వార్తానియన్ మేడమ్‌కి అరవై దాటాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పరీక్ష నాళికలు కడిగించడంలో ఎంత పట్టుదలో, నిజం చెప్పడంలోనూ అంతే. లూసిండా సీటు ఉత్తరం చూపించగానే ఆవిడ మొహం విప్పారింది. చదవడం పూర్తయ్యేసరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"సెప్టెంబరుకా? మరి రెండో సగం?"

"అక్కడ చదువుతాను మేడమ్."

"అక్కడ రెండో సగం అనేది లేదమ్మా. మనం ఈ సబ్జెక్టుని రెండు ముక్కలుగా కోస్తాం. వాళ్ళు మూడు ముక్కలుగా కోస్తారు. నీ చేతిలో ఉన్న సగం వాళ్ళ రెండో ముక్క మధ్యలో ఎక్కడో ఆగుతుంది. అందుకని వాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోరు, మళ్ళీ మొదట్నుంచీ చదవమంటారు. నాకు తెలిసి ఇప్పటివరకూ అందరినీ అలాగే అన్నారు."

"అంటే ఈ ఐదు నెలలూ నేను చదివింది?"

"నీ బుర్రలో ఉంటుంది. కాగితం మీద ఉండదు."

ఆ ఐదు నెలలు! నాన్నతో పాటు తెల్లవారుజామున లేచి, దూడలకి పాలు పట్టి, గడ్డి వాసన వదలకుండానే క్లాసుకొచ్చి, లూసిండా తొంభై నాలుగు మార్కులు తెచ్చుకుంది.

"పోనీ వేసవిలో రెండో సగం ఎక్కడైనా చదివేస్తాను."

"చుట్టుపక్కల వేసవిలో అది చెప్పే కాలేజీ ఒక్కటే ఉంది. చూశావా?"

చూసింది. వెయిటింగ్ లిస్టులో ముప్ఫై ఒకటో నంబరు. తరగతిలో సీట్లు ఇరవై నాలుగు, ముందు వాళ్ళ కాలేజీ పిల్లలకే ఇస్తారట.

మేడమ్ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండు గీతలు గీసింది. "ఇదిగో, ఇప్పుడు వెళ్తే ఏడాదంతా ఆర్గానిక్ మళ్ళీ మొదట్నుంచీ. అదయ్యేదాకా బయోకెమిస్ట్రీలోకి రానివ్వరు. కాబట్టి అక్కడ మూడేళ్ళు పడుతుంది. ఇక్కడి రెండూ కలిపితే ఐదు. ఉండిపోతే డిసెంబరుకి రెండో సగం నా దగ్గర పూర్తవుతుంది. రెండు సగాలూ కలిపి మొత్తంగా తీసుకెళ్తే వాళ్ళు నోరెత్తకుండా లెక్కలోకి తీసుకుంటారు. వచ్చే ఏడు వెళ్తావు, అక్కడ రెండేళ్ళు. అప్పుడూ ఐదే."

"ఎలా చూసినా ఒక ఏడు పోయినట్టేగా మేడమ్!"

"పోయింది. ఎక్కడ పోగొట్టుకుంటావన్నదే ఇప్పుడు నీ చేతిలో ఉంది. అక్కడ నాలుగు వందల మంది కూర్చునే క్లాసులో, చదివిందే చదువుతూ, ఊరుకాని ఊళ్ళో పోగొట్టుకోవచ్చు. పైగా డెంటల్ కాలేజీకి ఇద్దరు సైన్సు టీచర్లు ఉత్తరాలు రాయాలి. ఆ గుంపులో నీ మొహం ఏ ప్రొఫెసరుకి గుర్తుంటుంది? ఆ మధ్య ఈ సంగతే అడుగుతూ నేను డెంటల్ కాలేజీలకి కూడా రాశాను. జవాబిచ్చింది నాలుగు. వాటిలో మూడు, మొదలెట్టిన చోటే పూర్తి చేసి వస్తే మాకు అభ్యంతరం లేదన్నాయి."

"ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదండీ?" ఆ పిల్ల గొంతు పెరిగింది. "నవంబరులో దరఖాస్తు పెట్టాను. అప్పుడు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెప్పుంటే మొదటి సగంలో చేరేదాన్నే కాదు!"

"నువ్వు నా క్లాసుకి వచ్చింది జనవరిలో." మేడమ్ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "ఏటా ఐదారుగురు ఇలాగే సగంలో తెగి వెళ్తారు. మొదటి రోజే అందరికీ చెప్పాల్సింది. అది నా పని కాదనుకున్నాను. తప్పు నాది కూడా."

సీటు వదులుకుంటే వచ్చే ఏడు మళ్ళీ ఇస్తారన్న హామీ ఉందా? లేదు. ఒక ఏడు ఆపి ఉంచమంటే యూనివర్సిటీ వాళ్ళు ఉంచరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గురువారంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

అదైనా తీరిగ్గా ఆలోచించుకోనిచ్చారా? ఆదివారం వచ్చిపడింది.

ఆ హాలుకి ఒక ఆనవాయితీ ఉంది. కిరీటం ఊరేగింపయ్యాక, రాణి వేషం కట్టిన అమ్మాయి పొడుగాటి మఖమల్ వస్త్రం మడిచి భుజాన వేసుకుని భోజనానికి కూర్చున్నాక, హాలు పెద్ద మైకు పట్టుకుని, ఆ ఏడు పెద్ద చదువులకి వెళ్తున్న పిల్లల పేర్లు చదువుతాడు. పాలు పితికే చేతుల్లో పెరిగిన జాతికి అంతకు మించిన పండుగ లేదు. పేరు చదవగానే తండ్రి లేచి నిలబడతాడు, అందరూ చప్పట్లు కొడతారు.

హాలు పెద్ద బెల్మీరో ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మన జిల్బెర్తో కూతురు లూసిండా! సెప్టెంబరులో సముద్రపు ఒడ్డు యూనివర్సిటీకి వెళ్తోంది. పళ్ళ డాక్టరై వస్తుంది. ఇంక మనం బోసినోళ్ళతో చావక్కర్లేదు!"

హాలంతా ఘొల్లున నవ్వింది. జిల్బెర్తో లేచి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, నల్లకోటు భుజాల దగ్గర బిగుతుగా ఉంది. పెళ్ళినాడు కుట్టించుకున్న కోటు అది. పికప్ బండి వెనక అద్దానికి యూనివర్సిటీ పేరు స్టిక్కరు అప్పటికే అంటించేశాడు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి లూసిండా బుగ్గలు ముద్దుపెట్టుకున్నారు.

"మా బంగారమే! ముందు నా పళ్ళు చూడాలి సుమా!"

"నీకు పళ్ళుంటేగా చూడ్డానికి, పక్కకి జరుగు!"

లూసిండా నవ్వింది. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి. గిన్నెలో సోపాస్ చల్లారిపోయి, రొట్టె ముక్కలు ఉబ్బిపోయి కూర్చున్నాయి. ఒక్క ముద్ద దిగలేదు.

హాలు నుంచి ఇంటికొచ్చి, తండ్రి కోటు విప్పి సాయంత్రం పాల పనికి బూట్లు తొడుక్కుంటుండగా చెప్పేసింది. సగం కెమిస్ట్రీ సంగతి, ఐదేళ్ళ సంగతి, గురువారం సంగతి. జిల్బెర్తో ఒక బూటు తొడుక్కున్నాడు, రెండోది చేతిలోనే ఉండిపోయింది.

"వెళ్ళవా?"

"వెళ్ళనని కాదు నాన్నా. ఇప్పుడు వెళ్ళను."

"నాలుగు వందల మంది! నాలుగు వందల మంది ముందు ఇందాకే లేచి నిలబడి వచ్చాను! ఇప్పుడేం చెప్పమంటావ్? మా అమ్మాయి ఊరికే సరదాకి సీటు తెచ్చుకుందని చెప్పనా?"

"నన్నడిగి పేరు ఇచ్చావా నాన్నా?"

"అడగాలా? కన్నకూతురికి సీటొస్తే చెప్పుకోవడానికి అర్జీ పెట్టుకోవాలా నేను? ఈ ఊళ్ళో ఉండిపోయినవాళ్ళని చూశావుగా! ఒక్క ఏడంటారు, తర్వాత ఇంకో ఏడంటారు, ఆ తర్వాత డెయిరీలో తేల్తారు. సీటొచ్చినప్పుడు కళ్ళు మూసుకుని పోవాలి. అక్కడికెళ్ళాక ఆ కెమిస్ట్రీ సంగతి వాళ్ళే చూసుకుంటారు. అంత పెద్ద యూనివర్సిటీకి ఆ మాత్రం తెలీదా?"

"తెలీదనే చెప్తున్నారు నాన్నా! పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎవ్వడికీ ఏమీ తెలీదు!"

జుల్మీరా స్టవ్ ఆపి ఇటు తిరిగింది.

"చూడు జిల్బెర్తో. నా దవడ పళ్ళు రెండింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు సగం వైద్యం చేశారు. మిగతా సగానికి నాలుగు నెలల తర్వాత రమ్మన్నారు. ఆ నాలుగు నెలల్లో ఆ డాక్టరు మారాడు. కొత్తాయన పాతాయన చేసిన పని నేను ఒప్పుకోనన్నాడు. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి, లేదంటే పీకెయ్యాలి అన్నాడు. నువ్వే అన్నావు, తొందరగా అయిపోతుంది, పీకించేసుకో అని."

జిల్బెర్తో రెండో బూటు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. పికప్ తలుపు ధడాలున పడింది.

మర్నాడు సెలవు దినం, ఆఫీసులన్నీ మూత. మంగళవారం పొద్దున్న ఆయన పాల పని ముగించుకుని స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూతురి గది తలుపు తట్టాడు.

"పద. మనమే వెళ్ళి అడుగుదాం. ఫోన్లో ఎవడైనా ఏమైనా చెప్తాడు. మనిషి మొహం మనిషి చూస్తే పని అవుతుంది."

నాలుగు గంటల ప్రయాణం. లోయ దాటి, కొండ దాటి, చల్లగాలి తగిలేసరికి మధ్యాహ్నమైంది. బండి పెట్టుకోవడానికి చోటు దొరకడానికి నలభై నిమిషాలు. అడ్మిషన్స్ ఆఫీసులో చీటీ తీసుకుని గంట కూర్చున్నారు. కిటికీ వెనక ఉన్న కుర్రాడు మర్యాదస్తుడే. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా వీలు కాలేదు.

"మీ అమ్మాయి చదివింది ఎంతవరకు లెక్కలోకి వస్తుందో మేము తప్పకుండా పరిశీలిస్తామండీ."

"ఎప్పుడు?" అన్నాడు జిల్బెర్తో.

"చేరిన తర్వాత. ఆరేడు వారాలు పడుతుంది."

"చేరాలో వద్దో తేల్చుకోవడానికే కదా బాబూ అడుగుతున్నాం."

"నాకర్థమైందండీ. కానీ చేరనివాళ్ళ కాగితాలు మేం చూడం."

"ఇదిగో, ఇప్పుడే చేతిలో ఉన్నాయి. రెండు పేజీలు. నువ్వే చూసి చెప్పు."

"నేను చెప్పినా అది చెల్లదండీ."

"చెల్లేలా ఎవరు చెప్తారు?"

"డిపార్ట్‌మెంటు వాళ్ళు."

డిపార్ట్‌మెంటు రెండు వీధుల అవతల ఉంది. వెళ్ళారు. సలహాలు చెప్పే ఆవిడ సెలవులో ఉంది, గురువారం వస్తుంది. మధ్యాహ్నం మూడు తర్వాత. అప్పటికి గడువు దాటిపోతుంది.

పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు! చేరితేగానీ చెప్పరు, చెప్తేగానీ ఈ పిల్ల చేరలేదు. మీరే చెప్పండి, అక్కడ ఎవరు చెడ్డవాళ్ళు? ఫోనెత్తిన మనిషా? కిటికీ కుర్రాడా? ఎవరి కుర్చీలో వాళ్ళు పద్ధతిగానే కూర్చున్నారు. ఒక కుర్చీకీ ఇంకో కుర్చీకీ మధ్య పాలమేస్త్రీ కూతురి ఏడాది నలిగిపోయింది. చదువుకున్న తల్లిదండ్రులున్న పిల్లలకి ఈ సంగతులు భోజనాల దగ్గర తెలుస్తాయి. తక్కినవాళ్ళకి నష్టపోయాక తెలుస్తాయి. ఇది అన్యాయమని ఎవరూ అనరు, ఎందుకంటే ఇందులో ఎవరూ ఎవరి చెంపా కొట్టలేదు.

తిరుగు ప్రయాణంలో జిల్బెర్తో ఆగకుండా వంద మైళ్ళు నడిపాడు. కొండ దిగాక పెట్రోలు పోయించుకుని, పికప్ తాళం చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఈనడానికి వారం రోజులున్న ఆవుని మన డెయిరీలో ఎవడైనా కొత్త కొట్టంలోకి తోలితే ఏం చేస్తాను?"

"పనిలోంచి తీసేస్తావు నాన్నా."

"ఆ. ఈనేదాకా కదపం. ఈనాక నాలుగు రోజులాగి మారుస్తాం. ఎంత మంచి కొట్టమైనా సరే, మధ్యలో మారిస్తే అది బెదిరిపోతుంది, మేత ముట్టదు. చిన్నప్పట్నుంచీ తెలుసు నాకీ సంగతి." ఆయన తల అడ్డంగా ఊపాడు. "గొడ్డు విషయంలో ఉన్న ఇంగితం బిడ్డ విషయంలో లేకపోయింది. సీటొదిలెయ్యవే తల్లీ. పూర్తి చేసుకునే వెళ్ళు."

"వచ్చే ఏడు సీటు ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే ఇంకో చోట. నాకు మాత్రం తెలుసా ఏంటి? భయంగానే ఉంది."

బుధవారం లూసిండా కంప్యూటర్ ముందు కూర్చుని 'రాను' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఆ చిన్న గడి నింపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. నిర్ణయం సరైనదైతే ఏడుపు రాదని ఎవరన్నారు?

ఆ ఆదివారం పండుగ గిన్నెలు అటకెక్కించడానికీ, బల్లలు సర్దడానికీ అరవై డెబ్భై మంది హాలుకి వచ్చారు. అందరూ కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నప్పుడు జిల్బెర్తో లేచాడు. మైకు లేదు. ఉన్నా పట్టుకునేవాడు కాదేమో.

"బెల్మీరో బాబాయ్, పోయిన వారం మా లూసిండా వెళ్తోందని చదివించాను. వెళ్ళడం లేదు. వచ్చే ఏడు వెళ్తుంది."

"ఏంరా, సీటు పీకేశారా?" అన్నాడు బెల్మీరో.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జిల్బెర్తో చెవులు ఎర్రబడ్డాయి.

"లేదు బాబాయ్. మేమే వద్దన్నాం. చదువు సగంలో ఉంది. సగంలో తీసుకెళ్తే వాళ్ళు ఆ సగాన్ని లెక్కచెయ్యరట. ఈ ముక్క తెలుసుకోవడానికి పిల్ల పదకొండు ఫోన్లు చేసింది. నేను చొక్కా వేసుకుని నాలుగు గంటలు వెళ్ళాను. ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఈ చిక్కు తెలియకుండా, పిల్లని అడక్కుండా పేరిచ్చేశాను. తప్పు నాది. ఈ వారమంతా అది సరైన దారేదో ఆలోచించుకోవడం మాని, నా పరువు గురించి ఏడ్చింది."

ఎవరో ఒకరు వేళాకోళం చేస్తారనుకుని లూసిండా తల వంచుకుంది. కాఫీ కెటిల్ దగ్గర ఉన్న ఇవోనే అనే ఆవిడ చేతిగుడ్డ బల్ల మీద పెట్టింది. రెండేళ్ళ కిందట ఇదే హాల్లో ఆవిడ కొడుకు దువార్తె పేరు చదివారు. ఇంజనీరవుతాడని. దువార్తె ఎలా ఉన్నాడని ఎవరడిగినా ఆవిడ "బాగా చదువుతున్నాడు" అనే చెప్పేది.

"మావాడు అక్కడ లేడు," అంది ఇవోనే. "వచ్చేసి పదిహేను నెలలైంది. ఫిజిక్సు సగంలో వెళ్ళాడు. మళ్ళీ మొదట్నుంచీ అన్నారు. ఒకసారి చదివాడు, తప్పాడు, సిగ్గుపడి మానేశాడు. మూడు ఊళ్ళ అవతల చీజ్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. మన ఊళ్ళో పనికి రానంటాడు. ఇక్కడివాళ్ళంతా చప్పట్లు కొట్టారు కదా, వాళ్ళ మొహం ఎలా చూడనమ్మా అంటాడు. నా బిడ్డ పండక్కి కూడా ఇంటికి రాలేదు."

జుల్మీరా లేచి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది. చెయ్యి పట్టుకుంది. లూసిండా కూడా లేచింది.

"ఇవోనే పిన్నీ, మా కెమిస్ట్రీ మేడమ్ వచ్చే సెమిస్టరు మొదటి రోజున అన్ని తరగతులకీ వచ్చి, ఏది ఎక్కడ మొదలెట్టాలో, ఏది పూర్తి చేశాక వెళ్ళాలో చెప్తానంది. తొమ్మిది యూనివర్సిటీల సంగతి రాబట్టి రాయడానికి నేను సాయం చేస్తున్నాను. దువార్తెని రమ్మను. వాడి పాత మార్కుల కాగితాలు పట్టుకు రమ్మను. ఏదైనా మిగిలుందేమో చూద్దాం. మిగిలుంటుందని మాటివ్వలేను. కానీ చూద్దాం."

ఎవరో తల్లి తన కూతురికి ఆగస్టుకి నర్సింగ్ సీటొచ్చిందని, ఎవర్ని అడగాలని లేచింది. ఇంకో తండ్రి, తన కొడుకు లెక్కల సబ్జెక్టు కూడా సగంలోనే ఉందన్నాడు. పోయినవారం ఇద్దరి పేర్లూ చదివారు. ఇద్దరికీ చప్పట్లు కొట్టారు. ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు.

బెల్మీరో ముసలాయన కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. నలభై ఏళ్ళుగా ఆ పేర్లు చదివింది ఆయనే. కర్ర పట్టుకుని లేచాడు. గొంతులో ఎప్పటి వేళాకోళం లేదు.

"నలభై ఏళ్ళు. ఎంతమంది పేర్లు చదివానో నాకే గుర్తు లేదు. వాళ్ళలో ఎంతమంది పూర్తి చేశారని ఒక్కనాడూ ఎవర్నీ అడగలేదు. ఇవోనే, ఆ చప్పట్లు కొట్టించింది నేనేనమ్మా, నీ కొడుక్కి చెప్పు, సిగ్గుపడాల్సింది వాడు కాదని. యూనివర్సిటీ వాళ్ళు మన పిల్లల ఏడాదిని ఎప్పుడు లెక్కచేస్తారో నాకు తెలీదు, అడుగుతూనే ఉందాం, ఈ వారమే హాలు తరఫున ఉత్తరం రాద్దాం. మనం మాత్రం మన పని మార్చుకుందాం. ఇకమీదట ఈ హాల్లో ఏ పిల్లా ఏ పిల్లాడూ ఎక్కడికి వెళ్తున్నారో నేను చదవను. ఏం పూర్తి చేశారో అది చదువుతాను, అప్పుడే చప్పట్లు కొట్టండి."